అప్పు దాచిన భర్త, అందరికీ చెప్పేసిన భార్య: గుడిలో జరిగిన పెళ్లి చెల్లదా?

తమ్ముడూ, మీరు చాలా వివరంగా రాశారు. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు విషయం క్లుప్తంగా చెబుతాను. మీ ఇద్దరివీ గుంటూరు వైపు కతోలిక కుటుంబాలు. ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలు, కె.ఆర్.పురంలో అద్దె ఇల్లు. గుడిలో పెళ్లి (జ్ఞానవివాహం) జరిగి రెండేళ్లు కావస్తోంది. చెల్లెలి పెళ్లికి మీరు తీసుకున్న పర్సనల్ లోను, దాని వాయిదాలు కట్టడానికి వాడిన క్రెడిట్ కార్డుల బాకీ, ఈ రెండూ మీ పెళ్లికి ముందు చెప్పలేదు. పెళ్లయ్యాక ఆమె ఒకసారి అడిగితే "అలాంటివేం లేవు" అన్నారు. చివరికి రికవరీ ఏజెంటు ఆమె ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆమె ఆ రాత్రే రెండు వైపుల బంధువులూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అంతా పెట్టేసింది, ఇక్కడి తెలుగు ప్రార్థన కూటంలోనూ చెప్పింది. ఇప్పుడు మీ అత్తగారి వైపు వాళ్లు "మోసంతో జరిగిన పెళ్లి గుడిలో చెల్లదు, చెల్లదని తీర్పు రాయించుకుందాం" అంటున్నారు. తప్పు ఎవరిది ఎక్కువ, పెళ్లి నిజంగా చెల్లదా, ఆమె చేత గ్రూపులో క్షమాపణ చెప్పించవచ్చా అని మీరు అడిగారు.

నేనూ మావారూ చాలా ఏళ్లుగా బెంగళూరులో పెళ్లికి సిద్ధమయ్యే తెలుగు జంటలకి తరగతులు చెబుతున్నాం, పెళ్లయ్యాక ఇబ్బందుల్లో పడినవాళ్లతో కూర్చుని మాట్లాడుతున్నాం. నేను వకీలుని కాను, పెళ్లి చెల్లుతుందో లేదో తేల్చే శ్రీసభ (కతోలిక చర్చి) ట్రిబ్యునల్లో జడ్జినీ కాను. నాకు తెలిసినంతవరకు సూటిగా చెబుతాను, కొన్ని మాటలు నొప్పిస్తాయి.

మీ ఇంట్లో నిజం తలకిందులైంది. దక్కాల్సిన మనిషికి దక్కలేదు, అక్కర్లేని వందమందికి చేరింది. మొదటిది మీరు చేశారు, రెండోది ఆమె చేసింది. రెండూ పది ఆజ్ఞల్లో ఎనిమిదోదాన్నే దెబ్బతీశాయి. (లూథరన్లు కాని మన ప్రొటెస్టెంటు బంధువుల లెక్కలో ఇది తొమ్మిదోది, ఆజ్ఞ మాత్రం ఒకటే: అబద్ధ సాక్ష్యం పలకవద్దు.) అయితే రెండూ సరిసమానం అని నేను అనను. మొదలు మీది, బరువు కూడా మీదే ఎక్కువ.

"ఇంట్లో గొడవ ఎందుకని చెప్పలేదు" అని రాశారు. చెప్పకుండా ఉండటం వేరు, అడిగినప్పుడు లేదనడం వేరు. పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఈ గీత గీశారు: ఎంత మంచి కోరి అయినా అబద్ధం ఆడకూడదు, కానీ వివేకంతో నిజాన్ని మరుగున ఉంచడం తప్పు కాదు. శ్రీసభ బోధనల పుస్తకమైన సత్యోపదేశంలో 2489వ పేరా కూడా, తెలుసుకునే హక్కు లేనివాళ్లకి నిజం చెప్పి తీరాలన్న బాధ్యత ఎవరికీ లేదంటుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకుని నా దగ్గర వాదించిన భర్తలున్నారు, భార్యలూ ఉన్నారు. ఆ హక్కు లేనిది ఎవరికి? పక్కింటివాళ్లకి లేదు, ఆఫీసు మేనేజరుకి లేదు. ఇంటద్దె, కరెంటు బిల్లు మీతో కలిసి కడుతూ, రేపు బిడ్డ పుడితే ఉద్యోగం మానగలనా అని లెక్క వేసుకునే మనిషికి ఆ హక్కు లేదంటే ఇంకెవరికుంది? అబద్ధం ఎంత పెద్దదో తేల్చేటప్పుడు ఏ నిజాన్ని వంచారు, ఎందుకు వంచారు, ఎవరికి ఎంత నష్టం జరిగింది అన్నవన్నీ చూడాలని 2484వ పేరా చెబుతోంది. మీ ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు: ఆమె రెండేళ్లపాటు లేని డబ్బుని ఉందనుకుని బతికింది.

అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. అననీయ, సప్పీరా భార్యాభర్తలు. పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచి, వచ్చిందంతా ఇదేనని అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. పేతురుగారు అననీయతో ఏమన్నారో చూడండి. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ అధీనంలోనే ఉంది కదా అన్నారు. కొంత ఉంచుకుంటానని అని ఉంటే అడిగేవారు లేరు. ఇదే మొత్తం అనడంతోనే వచ్చింది చిక్కు. తర్వాత సప్పీరాని విడిగా అడిగారు, పొలం ఇంతకేనా అమ్మింది అని. నిజం చెప్పడానికి ఆమెకి దారి దొరికింది, ఆమె ఆ దారిన పోలేదు. మీకూ అలాంటి దారులు దొరికాయి: ప్రధానానికి ముందు, ఫాదర్ గారు మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెట్టి పెళ్లి విచారణ ప్రశ్నలు అడిగిన రోజున, గుడిలో మీ పెళ్లి ప్రకటనలు చదివిన ఆదివారాల్లో, ఆఖరికి ఆమే నోరు తెరిచి అడిగినప్పుడు. మీ చెల్లెలి పెళ్లికి అప్పు చేయడంలో సిగ్గుపడాల్సిందేముంది? అన్నగా ప్రేమతో చేశారు. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఆమె మిమ్మల్ని గౌరవించేది. మీలో మంచిగా ఉన్న పనినే మీరు దొంగసొమ్ములా దాచిపెట్టారు. మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది ఇదే.

ఇది చదివే పెళ్లికాని పిల్లల కోసం ఇక్కడ కాస్త ఆగుతాను. ఏది చెప్పాలి, ఏది చెప్పనక్కర్లేదు అని తరగతుల్లో ప్రతిసారీ అడుగుతారు. నేను చెప్పేది ఇది: రేపు ఇద్దరూ కలిసి మోయాల్సినది ఏదైనా ముందే చెప్పాలి. అప్పులు, పూచీకత్తు సంతకాలు, నెలనెలా ఇంటికి పంపాల్సిన డబ్బు, రోజూ వేసుకునే మందులు, పిల్లలు పుట్టరని డాక్టరు ఇదివరకే చెప్పి ఉంటే ఆ మాట, తాగుడో జూదమో అలవాటు, ఎక్కడో జరిగిన రిజిస్టరు పెళ్లి, బిడ్డ ఉంటే బిడ్డ సంగతి. జ్ఞానస్నానం పొందారా లేదా అన్నది కూడా దాచకూడదు, దాన్నిబట్టి పెళ్లికి బిషప్ గారి అనుమతో మినహాయింపో కావాల్సి వస్తుంది. ఇక ముగిసిపోయిన ప్రేమ, ఇప్పుడు ఏ బాధ్యతా మిగల్చనిది, పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) దేవుని ముందు పెట్టేసినది: దాని వివరాలన్నీ కాబోయే భర్తకో భార్యకో వినిపించాలని శ్రీసభ ఎక్కడా చెప్పలేదు. కానీ అడిగితే మాత్రం "నాకెవరూ లేరు" అనకండి. "ఉండేది, ముగిసింది, అంతకు మించి చెప్పలేను" అనండి. ఆ మాట విని లేచి వెళ్లిపోయేవాళ్లుంటే వెళ్లనివ్వండి.

గుడిలో పెళ్లి ప్రకటనలు చదివేదీ ఇందుకే. ఏదైనా ఆటంకం తెలిసినవాళ్లు పెళ్లికి ముందే తమ విచారణ (పారిష్) గురువుకో బిషప్ గారికో చెప్పాలని శ్రీసభ చట్టంలోని కానన్ (సెక్షన్) 1069 విశ్వాసులందరికీ బాధ్యత పెట్టింది. బెంగళూరు గుడిలో మన పేర్లు చదివితే వినేవాళ్లలో సగం మందికి మనమెవరో తెలియదు. అందుకే సొంతూరి విచారణలో కూడా చదివిస్తారు. దాన్ని లాంఛనంగా చూడకండి.

మీరు ఇంకో మాట రాశారు: "ఈ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను, దేవుడు క్షమించాడు, ఇంక ఆమెకి చెప్పాలా అనిపించింది." క్షమించాడు, అందులో సందేహం లేదు. ఆ ఫాదర్ గారు ప్రాణం పోయినా ఆ మాట బయటపెట్టరు. కానీ సత్యోపదేశం 2487వ పేరా చూడండి. సత్యానికీ న్యాయానికీ విరుద్ధంగా చేసిన ప్రతి తప్పుకీ నష్టపరిహారం చెల్లించాల్సిందే, క్షమాపణ దొరికినా సరే. దేవునితో లెక్క తేలింది, భార్యతో లెక్క అలాగే ఉంది. అది తేలేవరకు మీ పశ్చాత్తాపం సగం దారిలో ఆగినట్టే.

ఇక ఆమె సంగతి.

ఆమె ఎంత దెబ్బతిని ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి "మీ ఆయన ఎగ్గొట్టాడు" అంటే, పక్క సీట్లో వాళ్లు వింటూ ఉంటే, ఏ ఆడపిల్లకైనా కాళ్లకింద నేల కదిలిపోతుంది. ఆ రాత్రి వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడ్చిందంటే అందులో తప్పు లేదు. ఫాదర్ గారికి చెప్పినా, నాలాంటి వాళ్లకి చెప్పినా తప్పు లేదు. తగిన కారణం లేకుండా ఒకరి తప్పుల్ని, తెలియనివాళ్లకి తెలియజేయడం పాపమని 2477వ పేరా అంటుంది. చెప్పింది నిజమే అయినా సరే. సహాయం కోసం చెప్పుకోవడం తగిన కారణమే. గ్రూపులో పెద్దనాన్నలు, పిన్నులు, మీ చెల్లెలి అత్తింటివాళ్లు కూడా ఉన్నారని రాశారు. వాళ్లలో ఎవరు ఏ సహాయం చేయగలరు? మీ చెల్లెలి అత్తింట్లో ఇప్పుడు ఆ పిల్ల తలెత్తుకోలేకపోతుంది, పాపం ఆమెకి ఇందులో ఏ సంబంధమూ లేదు. ప్రార్థన కూటంలోనూ అంతే. "మా కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే చాలు, ఎన్ని లక్షలో, ఏ బ్యాంకో చెప్పనక్కర్లేదు.

ప్రభువు మత్తయి 18లో చెప్పిన వరస అందరికీ తెలిసిందే. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం ఆ వరసని వెనక నుంచి మొదలుపెడుతున్నాం. ముందు గ్రూపులో పెడతాం, తర్వాత పెద్దమనుషుల్ని పిలుస్తాం, భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చోవడం ఆఖరిది, ఒక్కోసారి అదీ ఉండదు. బెంగళూరు వచ్చాక మనకి ఇక్కడ ఎవరూ లేరనుకుంటాం. నిజానికి ఇక్కడి తెలుగు కూటమే ఒక ఊరు. ఇక్కడ సాయంత్రం పూజ తర్వాత అన్న మాట రాత్రి భోజనాల వేళకి గుంటూరు వైపు ఫిరంగిపురంలో ఉంటుంది.

జోజప్పగారిని (యోసేపుని) చూడండి. మరియమ్మ గర్భవతి అని తెలిసింది, కారణం తెలియదు. ఆయన దృష్టిలో అన్యాయం జరిగింది తనకే. అయినా నలుగురిలో ఆమెని అవమానపరచడం ఇష్టంలేక రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడని మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. దేవదూత చెప్పకముందే ఆయన ఆ నిర్ణయానికి వచ్చాడు. ఆయన్ని నీతిమంతుడని పిలిచింది అక్కడే. పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ ప్రేమ మీద రాసిన లేఖలో కూడా ఈ సంగతి ఉంది: ప్రేమించేవాళ్లు ఒకరి గురించి ఒకరు బయట మంచే మాట్లాడతారు, లోపాలు కనిపించనట్టు నటించరు గానీ మనిషంటే ఆ లోపమే అన్నట్టు చూడరు.

ఒక్క హెచ్చరిక. ఈ పేరా మీ ఆవిడకి చూపించి "చూశావా, నోరు మూసుకోవాలంట" అనకండి. ఇది చదివే ఏ ఇంట్లోనైనా చెయ్యి చేసుకోవడం, బెదిరింపు, ఒంటి మీద బంగారం లాక్కోవడం లాంటివి జరుగుతుంటే, వెంటనే చెప్పాల్సింది పుట్టింటికి, ఫాదర్ గారికి, అవసరమైతే పోలీసులకి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. ఒంటికో మనసుకో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు విడిగా ఉండే హక్కుని కానన్ 1153 స్పష్టంగా ఇచ్చింది. పరువు పేరుతో దెబ్బలు దాచమని శ్రీసభ ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ మామగారి వైపు వాళ్లు అంటున్నది పూర్తిగా గాలిమాట కాదు. 1983లో వచ్చిన కొత్త కానన్ చట్టంలో 1098వ కానను ఉంది, అంతకుముందు 1917 చట్టంలో అలాంటిది లేదు. పెళ్లికి ఒప్పించడం కోసమే మోసం చేసి, ఒకరిలోని ఒక లక్షణాన్ని రెండోవారికి తెలియకుండా దాచిపెడితే, ఆ లక్షణం దానంతటదే దాంపత్య జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీసేదైతే, ఆ పెళ్లి చెల్లదు. ఇందులో ప్రతి ముక్కా రుజువు కావాలి. మోసం ఉండాలి, పెళ్లికి ఒప్పించడానికే చేసి ఉండాలి, దాచింది ఆ మనిషికి సంబంధించిన లక్షణం అయి ఉండాలి, అది అంత తీవ్రమైనదీ కావాలి. చట్టం తానే చూపించిన ఉదాహరణ సంతానలేమి: 1084వ కానను ప్రకారం పిల్లలు పుట్టకపోవడం పెళ్లికి అడ్డు కాదు, కానీ ఆ సంగతి మోసంతో దాచితే 1098 వర్తించవచ్చు. చెల్లెలి పెళ్లికి చేసిన బ్యాంకు అప్పు ఆ కోవలోకి వస్తుందా? మీరు రాసిన వివరాలనిబట్టి చాలా కష్టమని నా అభిప్రాయం. తేల్చాల్సింది మాత్రం ట్రిబ్యునల్, నేనూ కాదు, మీ మామగారూ కాదు. అనుమానం ఉన్నంతవరకు పెళ్లి చెల్లుతుందనే చట్టం పట్టుకుంటుంది, అది 1060వ కానను.

బంధువులు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఈ విధానాన్ని సులభం చేశారు. ఇదివరకు చెల్లదన్న తీర్పు రెండు చోట్ల రావాల్సి ఉండేది, ఇప్పుడు అప్పీలు లేకపోతే ఒకటే చాలు. పెళ్లి జరిగిన గుంటూరు పీఠంలోనైనా (బిషప్ గారి పరిధిలోనైనా), మీరు కాపురముంటున్న బెంగళూరు అగ్రపీఠంలోనైనా కేసు వేయవచ్చు. అయినా, కేసు తీసుకునే ముందు ఈ కాపురం ఇక ఏ విధంగానూ అతకదని జడ్జి నిర్ధారించుకోవాలి. మీ ఇద్దరూ ఇంకా ఒకే ఇంట్లో ఉన్నారు. ఆమె మీకు టిఫిన్ బాక్సు సర్దడం మానలేదని మీరే రాశారు. ట్రిబ్యునల్ మాట ఇప్పుడు ఎత్తడం తొందరపాటే. ఒకవేళ అక్కడ చెల్లదని వచ్చినా సివిల్ చట్టంలో మీరు భార్యాభర్తలుగానే ఉంటారు. శ్రీసభ తీర్పుకి కోర్టులో విడాకుల బలం లేదని సుప్రీంకోర్టు 1996లో తేల్చి చెప్పింది.

అప్పు సంగతికి వద్దాం, అది తీరకుండా ఈ మాటలన్నీ గాల్లోనే ఉంటాయి. మన అప్పుల లెక్కలు ఉంచే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అలాంటి బ్యూరో అయిన సిబిల్ నుంచి రిపోర్టు తీయండి, ఆమె ముందే తెరవండి. అందులో లేని చేబదుళ్లు, చిట్టీలు, స్నేహితుల దగ్గర తీసుకున్నవి ఒక కాగితం మీద మీ చేత్తో రాయండి. ఒక్కటి కూడా వదలకండి. ఇప్పుడు వదిలేసింది రేపు బయటపడితే ఇంకెవరూ మిమ్మల్ని నమ్మరు, నేనూ నమ్మను. కార్డు బాకీ మీద వడ్డీ నెలకి మూడు, మూడున్నర శాతం దాకా పడుతుంది, ముందు తీర్చాల్సింది అదే. బ్యాంకుతో మాట్లాడి దాన్ని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్పించుకోండి. ఆమె బంగారం జోలికి మాత్రం వెళ్లకండి, ఆమె తానుగా ఇస్తానన్నా ఇప్పుడు వద్దనండి.

ఏజెంటు ఆమె ఆఫీసుకి ఫోన్ చేయడం గురించి కూడా చెప్పాలి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదని, కుటుంబ సభ్యుల్నీ స్నేహితుల్నీ వేధించి నలుగురిలో పరువు తీయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు. ఆ ఫిర్యాదు మీరే చేయాలి, ఆమెతో చేయించకండి. ఆమెకి జరిగిన అవమానానికి మీరు నిలబడటం ఆమె చూడాలి.

చివరిగా క్షమాపణ. ఆమె చేత గ్రూపులో క్షమాపణ పెట్టించే ఆలోచన పూర్తిగా మానుకోండి. మీరే పెట్టండి: "అప్పు నేను చేసినదే, దాచింది నేనే, ఆమె తప్పు లేదు. మేమిద్దరం చూసుకుంటున్నాం, దయచేసి ఈ విషయం ఇక్కడితో ఆపండి." అంతకు మించి ఒక్క ముక్క వద్దు, ఎవరేమన్నా జవాబివ్వకండి. మీ చెల్లెలికి మాత్రం విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. మీ ఆవిడకి తన పొరపాటు తెలియదని అనుకోవద్దు. మీరు మీ వాటా పూర్తిగా ఒప్పుకున్నాక, ఆమె వాటా ఆమె ఎప్పుడు ఒప్పుకుంటుందో ఆమెకే వదిలేయండి. ఈలోగా మీ విచారణ గురువుగారిని కలవండి, కుటుంబ సలహా ఇచ్చేవాళ్ల దగ్గరికి ఆయన పంపిస్తారు. మొదటిసారి ఆమె రానంటే బలవంతం చేయకుండా మీరొక్కరే వెళ్లండి, అప్పుల కాగితాలన్నీ వెంట పట్టుకుని.